సున్నా ఏ పక్క

కప్పు ఆదివారాల్లో
దేశమంతా ఫోను తీగల్లో తడుస్తూ మా ఆఫీసుకొచ్చేది.
లిస్బన్‌లో మూడో అంతస్తు, ఆరు ఫోన్లు,
చెవికీ భుజానికీ మధ్య ఒకటి ఇరికించుకుని
స్కోర్లు రాసుకునేవాణ్ణి.
మాది ఆటల పేపరు.
మామూలు రోజుల్లో పెద్ద క్లబ్బుల మోకాలి నొప్పులతోనే
పేజీలు నిండిపోయేవి.
కప్పు మొదలైందంటే మాత్రం
మ్యాపు మీద ఈగ వాలితే మాయమయ్యే ఊళ్లకి కూడా
తలా ఒక లైను.

ఆ నవంబరు రాత్రి పెన్యా సేకా నుంచి ఒలెగారియో.
బడిపంతులు, మా విలేకరి.
లైనుకింత అని ఇచ్చే చిల్లర కోసం కాదు,
పేపరు ఊరికే వస్తుందని రాసేవాడు.
అతని గొంతు వెనక వాన.
వాన వెనక ఎవరో రేకు డబ్బా వాయిస్తున్నారు.
"ఒకటి, సున్నా" అన్నాడు.
"ఎవరికి?"
"మనకి" అన్నాడు.
లైను తెగిపోయింది.

మనకి అంటే?
నేను పుట్టింది లిస్బన్‌లో.
చడ్డీలు వేసుకున్నప్పటినుంచీ
మన అంటే ఆ రోజు అక్కడ ఆడిన పెద్ద జట్టే.
వాళ్ల గోల్‌కీపరు చేతి తొడుగుల ఖరీదుకి
పెన్యా సేకా మొత్తానికి బూట్లొస్తాయి.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే
పిచ్చుక గెలిచిందని ఎవడు రాస్తాడు?
తిరిగి ఫోను చేశాను. మోగింది, మోగింది.
(ఎత్తాల్సిన వాళ్లంతా వీధిలో గంతులేస్తున్నారని
నాకేం తెలుసు.)
కింద అచ్చు యంత్రం దగ్గర్నుంచి వితొరీనో
మా అమ్మని తలుచుకుంటూ అరుస్తున్నాడు.
సున్నాని ఈ పక్కనించి ఆ పక్కకి జరిపాను.
ఒక్క పెన్సిలు గీత.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమంటారు.
సీసం జారితే
తెల్లారేసరికి రైళ్లెక్కి వెళ్లిపోతుంది.

సవరణ వేశాం, కాదనను.
లోపలి పేజీలో, సైకిలు పందేల కింద, నాలుగు లైన్లు.
ఆ రోజు వానకి పెన్యా సేకా బస్సు వెళ్లలేదట.

రిటైరయ్యాక ఒక సాయంత్రం
కాల్చిన చెస్ట్‌నట్లు కొన్నాను.
పొట్లం మా పేపరే, పాత కప్పు స్కోర్లు.
వేళ్లు కాలుతుంటే
ఏ సున్నా ఏ పక్క ఉందో వెతుక్కుంటున్నాను.
మర్నాడు బస్సెక్కాను.

ఊళ్లో ఒకే కాఫీ హోటలు. జుల్మీరా అనే ఆవిడది.
గోడ మీద నా పేజీ, పటం కట్టి,
అద్దం నిండా నూనె పొగ.
"ఓడిపోయిన పేపరుకి పటమేంటి?" అన్నాను.
"అది లిస్బన్ మాట. మేం ఆ రోజు ఇక్కడే ఉన్నాంగా"
అంది, గ్లాసు తుడుస్తూ.

గోల్‌కీపరు అదెరీతు ఇప్పటికీ రొట్టెలు కాలుస్తాడు.
పెనాల్టీని మొహంతో ఆపానంటాడు,
ముక్కు వంకర చూపిస్తాడు.
గోలు కొట్టింది పోస్టుమాన్ బెల్మీరు.
మోకాలితోనని ఒకరు, తలతోనని ఒకరు,
అసలు కొట్టలేదు, బంతే వచ్చి తగిలిందని వాళ్లావిడ.
ఎనభై ఎనిమిదో నిమిషంట.
కాదు, చర్చి గంట కొడుతుండగానట.
సరిగ్గా అచ్చయి ఉంటే ఒక్క గోలే మిగిలేది.
ఇప్పుడు ఇంటికొకటి ఉంది.

"మరి ఒలెగారియో?"
"పోయి మూడేళ్లు.
తప్పు తనదేనని చెప్పుకునేవాడు,
వానలో సరిగ్గా పలకలేకపోయానని."

కాఫీ చల్లారింది.
జేబులో పెన్సిలుంది, అలవాటు చావక.
తీయలేదు.
డబ్బులిస్తూ, మళ్లీ ఫోనెత్తినవాడిలా
"ఇంతకీ ఆ రోజు గెలిచిందెవరు?" అన్నాను.
నా వైపు చూసింది,
కొత్త మనిషిననీ మర్చిపోయి
"మనమే" అంది.